పన్నెండో రోజు తరువాత

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో మనిషి పోయిన ఇంటివారు మొదటి పది పన్నెండు రోజులు ఏం చేయాలో ఎవరినీ అడగనక్కరలేదు. కబురు తెలిసిన గంటలోపే వీధివారు గుమ్మం ముందు చేరతారు, పొయ్యి వెలగని ఆ ఇంటికి పక్కింటివారు అన్నం వండి పంపిస్తారు, వయసు మళ్ళిన ఆడవారు పోయిన మనిషి చేసిన మంచిని ఒక్కొక్కటిగా రాగం తీసి చెప్పుకుంటూ శోకాలు పెడతారు, దాయాదులు స్నానాల నుంచి పిండాల దాకా ప్రతి పనినీ తమ మీద వేసుకుంటారు. కులాన్ని బట్టి పదో రోజున గాని, పదకొండో రోజున గాని, పన్నెండో రోజున గాని పెద్దకర్మ ముగుస్తుంది. భోజనాలు అయిపోతాయి, షామియానా విప్పేస్తారు, అద్దె కుర్చీలు ఆటో ఎక్కుతాయి, హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి వచ్చిన కొడుకులూ అల్లుళ్ళూ రాత్రి రైలుకు బయలుదేరతారు. ఆచారం అంతవరకు చేయి పట్టుకుని నడిపిస్తుంది. ఆ మర్నాడు పొద్దున్న లేచిన మనిషి ఎన్ని గ్లాసుల బియ్యం కడగాలి? ఈ అధ్యాయం ఆ పొద్దు నుంచి మొదలవుతుంది.

శోకం, సంతాపం అనే మాటలను వాడుకలో ఒకదానికి బదులు మరొకటిగా అంటున్నప్పటికీ, ఇక్కడ శోకం అంటే ఆప్తులు పోయినందువల్ల మనసులోను, ఒంట్లోను కలిగే మార్పులన్నీ కలిసిన స్థితి అనీ, సంతాపం అంటే ఆ స్థితిని నలుగురిలో వెలిబుచ్చే పద్ధతి అనీ గ్రహించాలి. పెద్దకర్మతో ముగిసేది సంతాపమే గాని శోకం కాదు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే నెల తిరగకముందే "ఇంకా ఏడుపేనా" అనే మాట పుడుతుంది, ఆ మాట విన్న మనిషి తనలోనే ఏదో లోపముందని కుంగిపోతుంది. నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, చేతిలో ఉన్న వస్తువు కోసమే ఇల్లంతా వెతకడం, గేటు చప్పుడైతే పోయినవారే వచ్చారనిపించడం, వారి గొంతు వినిపించినట్టుండడం తొలి నెలల్లో సర్వసాధారణం. అది పిచ్చికి సూచనా కాదు, గాలి సోకడమూ కాదు.

శోకానికి అయిదు దశలుంటాయనీ, అవి వరసగా వస్తాయనీ ఒక నమ్మకం బాగా ప్రచారంలో ఉంది. 1969లో ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే వైద్యురాలు ఆ అయిదింటిని చెప్పింది మరణానికి చేరువైన రోగులతో మాట్లాడి, వారి గురించి. వెనక మిగిలినవారికి దాన్ని తరువాత అన్వయించారు. కనుక ఆ దశల్లో ఒకటైన కోపం రాలేదనో, వచ్చిన కోపం పోలేదనో లెక్కలు చూసుకోవలసిన అవసరం లేదు. శోకం ఒడ్డుకు వచ్చే అలలాంటిదని బారువ తీరంలోనైనా, చింతపల్లి తీరంలోనైనా ఏ మత్స్యకారుడైనా చెప్పగలడు: వెనక్కి పోయినంత మాత్రాన సముద్రం తగ్గినట్టు కాదు, మళ్ళీ వచ్చినంత మాత్రాన ఊరు మునిగినట్టూ కాదు.

అయితే మరణం వచ్చిన తీరును బట్టి శోకం తీరు మారుతుంది. 2017 జనవరి 21 రాత్రి కూనేరు దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పినప్పుడు గాని, 2023 అక్టోబరు 29 సాయంత్రం కంటకాపల్లి దగ్గర రెండు పాసింజరు రైళ్ళు ఢీకొన్నప్పుడు గాని, పొద్దున్న మాట్లాడిన మనిషి రాత్రికి లేకుండా పోయిన కుటుంబాలకు ఆఖరి మాట చెప్పుకునే వీలే లేకపోయింది. సముద్రం మీద వేటకు వెళ్ళినవారి శరీరం దొరకని ఇళ్ళలో ఏడవడానికైనా ధైర్యం చాలదు, ఎందుకంటే ఏడిస్తే ఆశ వదులుకున్నట్టవుతుంది. ఉద్దానంలో ఇందుకు భిన్నంగా చావు ఏళ్ళ తరబడి ఇంట్లోనే కాపురముంటుంది.

ఇచ్ఛాపురం, కంచిలి, కవిటి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విస్తరించిన ఉద్దానం పేరుకు ఉద్యానవనమే మూలమంటారు. కొబ్బరి, జీడి తోటల ఆ పచ్చటి సీమలో మూడు దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు పనిచేసే వయసులో ఉన్నవారిని తీసుకుపోతూనే ఉంది. అక్కడి భార్య శోకం భర్త పోయిన రోజున మొదలైనది కాదు. క్రియాటినిన్ అంకె పెరిగిందని చీటీ చేతికి వచ్చిన రోజునే అది మొదలైంది. వారానికి రెండుసార్లో మూడుసార్లో నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం పక్కన కూర్చున్నంత కాలం అది సాగింది. ఇలా మనిషి బతికి ఉండగానే మొదలయ్యే దుఃఖాన్ని ముందస్తు శోకం అంటారు. ముందే ఏడ్చినవారికి తరువాత దుఃఖం తక్కువగా ఉంటుందని అనుకోవడం పొరపాటు. అలసట తగ్గి ఒక రాత్రి గాఢంగా నిద్రపట్టినందుకు తప్పు చేసినట్టు బాధపడడం, ఎదురింట్లో ఇద్దరికి అదే జబ్బు ఉన్నందున తరువాత వంతు ఎవరిదోనని భయపడడం, జబ్బు ఖర్చులకు చేసిన అప్పు గుర్తొచ్చి పోయిన మనిషి మీదనే కోపం రావడం, ఆ కోపానికి మళ్ళీ సిగ్గుపడడం ఆ ఇళ్ళలో కలగలిసి ఉంటాయి. హాయిగా నిద్రపోవడం ద్రోహమా? ఏళ్ళ తరబడి సేవ చేసిన శరీరం తన బాకీ తాను రాబట్టుకుంటోంది, అంతే.

ఈ నేపథ్యంలో, పన్నెండో రోజు దాటినవారు పాటించదగిన కొన్ని పనులు కింద ఉన్నాయి. వీటిని వరసగా చేయనక్కరలేదు. ఏది ముందు చేయగలిగితే దానితోనే మొదలుపెట్టవచ్చు.

1. ఖాళీ అయిన వేళను ముందుగా గుర్తించాలి. శోకం రోజంతా ఒకే బరువుతో ఉండదు; పోయిన మనిషి రోజులో ఏ వేళను నింపేవారో ఆ వేళకే అది మీద పడుతుంది. డయాలసిస్‌కు సోమవారం, గురువారం తీసుకువెళ్ళే అలవాటున్న ఇంట్లో ఆ రెండు రోజులు వచ్చేసరికి తెల్లవారుజామునే మెలకువ వచ్చి, సంచి సర్దుకోవడానికి చేతులు కదులుతాయి. ఇలాంటి వేళలు రెండో మూడో ఉంటాయి. వాటిని గుర్తించి, ఆ వేళకు ఒక మనిషినో, ఒక చిన్న పనినో ముందే కేటాయించాలి: సోమవారం పొద్దున్న చెల్లెలు ఫోన్ చేయాలి, గురువారం మధ్యాహ్నం డ్వాక్రా సంఘం పుస్తకాలు రాయాలి, సాయంత్రం ఆరింటికి పక్కింటి పిల్లలు చదువుకోవడానికి వచ్చి కూర్చోవాలి. రోజంతా పనిలో మునిగిపోవాలనే సలహా కంటే ఇది సులువు, ఎక్కువ ఉపయోగకరం కూడా.

కర్మ ముగిశాక దగ్గరి బంధువులు దుఃఖంలో ఉన్నవారిని తమ ఇంటికి తీసుకువెళ్ళి ఒక రాత్రి నిద్ర చేయించే ఆనవాయితీ తెలుగునాట ఉంది. ఆ ఆచారం వెనక ఉన్న ఆలోచన చాలా లోతైనది, ఎందుకంటే ఇల్లు మారితే గాని పట్టని నిద్ర ఉంటుంది. దాన్ని ఒక్క రాత్రితో ముగించకుండా, ఇరవయ్యో రోజున మేనత్త ఇంట్లోను, నలభయ్యో రోజున అన్న ఇంట్లోను మళ్ళీ జరుపుకోవడానికి ఏ శాస్త్రమూ అడ్డు చెప్పదు.

2. "అలా చేసి ఉంటే" అనే మాటను కాగితం మీద పెట్టాలి. ముందే వైజాగు తీసుకువెళ్ళి ఉంటే, ఆ బోరు నీళ్ళు తాగనివ్వకుండా ఉంటే, ఒళ్ళు నొప్పులకు ఆ మాత్రలు మింగనివ్వకుండా ఉంటే అనే ప్రశ్నలు రాత్రిపూట ఒకదాని తోక మరొకటి పట్టుకుని వస్తాయి. వాటికి మనసులో సమాధానం దొరకదు. కాగితాన్ని రెండు భాగాలు చేసి, ఎడమ వైపున ఆ రోజుకు నిజంగా తెలిసిన విషయాలను, కుడి వైపున తరువాత తెలిసినవాటిని రాయాలి. రాయడం రానివారు చదువుకున్న పిల్లల చేత రాయించుకోవచ్చు. తనను తాను నిందించుకోవడానికి వాడుతున్న ఆధారాలన్నీ దాదాపుగా కుడి వైపునే చేరడం కనిపిస్తుంది.

ఉద్దానం వారి విషయంలో ఈ లెక్కకు మరింత బలముంది. నీటిలోని సిలికా, పురుగుమందులు, ఎండలో తగినంత నీరు తాగకుండా చేసే కష్టం వంటి ఎన్నో కారణాలను పరిశోధకులు పరిశీలించినా, ఆ జబ్బుకు ఇదీ కారణమని తేల్చి చెప్పలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని, 200 పడకల ఆసుపత్రిని, హిరమండలం జలాశయం నుంచి నీరు తెచ్చే పథకాన్ని ప్రారంభించవలసి వచ్చిందంటే సమస్య ఎంత పెద్దదో ఊహించవచ్చు. శాస్త్రజ్ఞులకే చిక్కని కారణాన్ని ఒక ఇల్లాలు తన వంటింటి బిందెలో ముందే కనిపెట్టి ఉండవలసిందా? పైగా ఆ జబ్బు తొలిదశలో బయటికి లక్షణాలేవీ చూపదు. ఒళ్ళు వాచి, ఆయాసం మొదలయ్యేసరికే మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. మిగిలినవారికి భయం ఉంటే, ఆ భయాన్ని మోస్తూ తిరిగే బదులు ఇంటిల్లిపాదీ ఒకే రోజున వెళ్ళి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు చేయించుకోవడం మేలు.

3. కాగితాల పనిని దుఃఖానికి శత్రువుగా చూడకూడదు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో ప్రతిపాదించిన ఒక భావన ప్రకారం, శోకంలో ఉన్నవారు పోగొట్టుకున్నదాని వైపుకు, మిగిలిన బతుకు వైపుకు మార్చి మార్చి తిరుగుతూ ఉండడమే ఆరోగ్యకరం. దీన్ని ద్వంద్వ ప్రక్రియ అన్నారు. పొద్దున్న ఫొటో ముందు ఏడ్చిన మనిషి మధ్యాహ్నం గ్రామ సచివాలయంలో సంతకం పెట్టడం ఆ ప్రకారం సహజమే.

మరణాన్ని 21 రోజులలోపు నమోదు చేయించాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది. గడువు దాటితే రుసుము, అనుమతి, పత్రాలు అంటూ తిరుగుడు పెరుగుతుంది. ధ్రువపత్రం చేతికి వచ్చినప్పుడు నకళ్ళు అయిదారు తీసుకోవాలి, ప్రతి కార్యాలయంలోను ఒకటి అడుగుతారు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం దరఖాస్తు కూడా అప్పుడే పెట్టుకోవాలి. తరువాత పోయినవారి బ్యాంకు పాస్‌బుక్ తీసి, మే నెలాఖరు ప్రాంతంలో 436 రూపాయలు గాని, 20 రూపాయలు గాని తగ్గినట్టు ఉన్నదేమో చూడాలి. మొదటిది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, దానికి మరణం ఏ కారణం వల్ల సంభవించినా నామినీకి 2 లక్షల రూపాయలు వస్తాయి. రెండోది సురక్షా బీమా, అది ప్రమాదాలకు మాత్రమే వర్తిస్తుంది. తాను బీమా కట్టిన సంగతి మనిషి ఇంట్లో చెప్పకుండానే పోయిన సందర్భాల్లో ఆ చిన్న అంకె పెద్ద ఆసరా అవుతుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబంలో 18 నుంచి 59 ఏళ్ళ లోపు సంపాదనపరులు పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 రూపాయలు ఉన్నాయి. డయాలసిస్ రోగికి నెలనెలా వచ్చే 10,000 రూపాయల పింఛను మనిషితో పాటే ఆగిపోతుంది కనుక, 2024 నుంచి 4,000 రూపాయలుగా ఉన్న వితంతు పింఛనుకు ఆలస్యం చేయకుండా సచివాలయంలో దరఖాస్తు పెట్టడం అవసరం. దీన్ని చేయి చాచడంగా భావించి మొహమాటపడేవారున్నారు. ఇది హక్కు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకటి ఉంది. పెద్దకర్మనాడు బంధువులందరూ ఉన్నారు గదా అని భూమి పంపకం, బంగారం లెక్క, అప్పుల పంచాయితీ అదే పూట మొదలుపెడతారు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన మనిషి ముందు కాగితం పెట్టి వేలిముద్ర అడుగుతారు. చదివి వినిపించని కాగితం మీద, ఖాళీ కాగితం మీద ఎవరు అడిగినా సంతకం చేయకూడదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన భర్త ఆస్తిలో భార్యకు, పిల్లలకు, అతని తల్లికి సమానమైన వాటా ఉంది. ఆడపిల్లలు పిల్లలలో భాగమే. పోయినవారి అప్పుకు, హామీ సంతకం ఉంటే తప్ప, వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు. ఇల్లు అమ్మడం, ఊరు మారడం వంటి పెద్ద నిర్ణయాలను సంవత్సరీకం దాకా వాయిదా వేయగలిగితే చాలావరకు మంచిది.

4. వస్తువులను తొందరపడి తీసేయకూడదు, గొంతును పోనివ్వకూడదు. బట్టలను, మంచాన్ని వెంటనే ఇంట్లోంచి పంపించే ఆనవాయితీ ఉన్న చోట కూడా, ఒక తువ్వాలునో, కళ్ళజోడునో దాచుకుంటానని అడగడంలో తప్పు లేదు. ఈ కాలంలో అంతకంటే విలువైనది ఫోన్. రీచార్జి లేకుండా నెలల తరబడి వదిలేస్తే ఆ నెంబరు రద్దయి మరొకరికి పోవచ్చు, దాని వెంట బ్యాంకుకు, ఆధార్‌కు వచ్చే ఓటీపీలూ పోతాయి. కనుక పనులన్నీ పూర్తయ్యేదాకా సిమ్మును బతికించి ఉంచి, వాట్సాప్‌లోని గొంతు సందేశాలను, ఫొటోలను మరో చోటికి మార్చి పెట్టుకోవాలి. వాటిని ఇప్పుడే వినాలన్న నియమం లేదు. మూడేళ్ళకు వినాలనిపించినప్పుడు ఉండాలి.

5. భర్త పోయిన స్త్రీకి రెండో చావు కలిగించకూడదు. పదో రోజున గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, శుభకార్యాలలో వెనక వరసకు నెట్టే పద్ధతిని ఇంకా కొనసాగిస్తున్న ఇళ్ళున్నాయి. విజయనగరంలో 1892లో తొలిసారి ప్రదర్శించిన కన్యాశుల్కంలో గురజాడ అప్పారావు బుచ్చమ్మ అనే బాలవితంతువును ప్రేక్షకుల ముందు నిలబెట్టాడు, అంతకు పదకొండేళ్ళ ముందే 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించాడు. ఇన్ని తరాల తరువాత కూడా కన్నకూతురి పెళ్ళిలో తల్లి గది తలుపు వెనక నిలబడాలా? బొట్టు పుట్టినప్పటి నుంచి ఉన్నది, పెళ్ళితో వచ్చినది కాదు. ఆ తంతు తనకు వద్దని చెప్పే ధైర్యం ఆ క్షణంలో ఆమెకు ఉండదు కనుక, ఆ మాటను ఆమె తరఫున కొడుకో, అన్నో, ఆడపడుచో ముందు రోజునే పెద్దల దగ్గర ఖచ్చితంగా చెప్పాలి. ఇలా చేయడం ఆచారాన్ని అవమానించడం కాదు. ఆచారం మనుషుల కోసం ఉండాలి.

6. పిల్లలకు నిజాన్ని చిన్న మాటల్లో చెప్పాలి. "నాన్న ఊరెళ్ళాడు" అని చెప్పిన ఇంట్లో ఆరేళ్ళ పిల్లవాడు ప్రతి సాయంత్రం బస్సు వచ్చే వేళకు సెంటరు వైపు చూస్తూ నిలబడతాడు. "అమ్మ నిద్రపోయింది" అని చెప్పిన ఇంట్లో పిల్లకు రాత్రి పడుకోవాలంటే భయం పట్టుకుంటుంది. ఒళ్ళు పనిచేయడం ఆగిపోయిందనీ, ఇక తిరిగి రారనీ, అందులో పిల్లల తప్పేమీ లేదనీ, అన్నం పెట్టి బడికి పంపే మనిషి ఫలానా అనీ నాలుగు మాటలు చెబితే సరిపోతుంది. వారు కొంతసేపు ఏడ్చి వెంటనే ఆటకు పరిగెత్తితే "దీనికి బాధే లేదు" అనకూడదు. పిల్లల శోకం ఇంకుడు గుంతలో నీరులా కొద్దికొద్దిగా దిగుతుంది. అదే ప్రశ్నను పదిసార్లు అడిగితే పదిసార్లూ అదే జవాబు చెప్పాలి.

7. ఏడిచే హక్కు లేదనుకున్నవారిని గమనించాలి. ఊరంతా తల్లినీ, భార్యనూ పలకరిస్తుంది. తోడబుట్టినవారిని "మీ వదినను చూసుకో", "మీ అమ్మకు ధైర్యం చెప్పు" అని పనిలో పెడుతుంది. విజయనగరం వాసులకు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుండాలి. 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధం తరువాత తాండ్ర పాపారాయుడి చేతిలో విజయనగరం రాజు విజయరామరాజు హతుడయ్యాడన్న వార్త విని, ఆ దుఃఖం తట్టుకోలేక ప్రాణం విడిచిన ఆయన చెల్లెలే పైడితల్లిగా పెద్దచెరువులో వెలసిందని స్థానిక ఐతిహ్యం. ఏటా విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం నాడు లక్షల మంది చూసే సిరిమాను సంబరం వెనక ఉన్నది ఒక చెల్లెలి శోకమే. తోబుట్టువు దుఃఖాన్ని దేవతగా నిలుపుకున్న ఊరు, పక్కింట్లో అన్నను పోగొట్టుకున్న ఆడపిల్లను కూడా కూర్చోబెట్టి "నీకెలా ఉందమ్మా" అని అడగగలదు.

మగవారి సంగతీ ఇంతే. ఏడిస్తే చులకన అవుతామనుకుని, మందు తాగినప్పుడు మాత్రమే ఏడ్చే అలవాటు పడినవారికి ఆ రెండూ ముడిపడిపోతాయి, కొన్నాళ్ళకు ఏడుపు కోసమే తాగవలసి వస్తుంది. కల్లం దగ్గరో, వల బాగుచేస్తున్న చోటో, చేతులు పనిలో ఉండగా పక్కన ఉన్న స్నేహితుడితో మాట్లాడడం చాలామంది మగవారికి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడడం కంటే తేలిక.

పరామర్శకు వెళ్ళేవారు చేసే పొరపాట్ల గురించి కూడా ఇక్కడ కొంత చెప్పాలి. "ఏటి సేస్తాం, అంతే రాసుంది" అనే మాట అన్నవారికి ఓదార్పుగా ఉంటుంది గాని విన్నవారికి తలుపు మూసినట్టుంటుంది. "ఊరుకో" అనడం, "నీకంటే ఫలానావాళ్ళకి ఎంత కష్టం వచ్చింది" అని పోల్చడం, చావు ఎలా వచ్చిందో మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చెప్పించుకోవడం, "ఏమైనా కావాలంటే అడుగు" అని వెళ్ళిపోవడం మంచి మనసుతో చేసేవే అయినా భారంగానే దిగుతాయి. దుఃఖంలో ఉన్నవారు అడగరు. అందువల్ల "శుక్రవారం రేషన్ నేను తెస్తాను", "బ్యాంకుకు పదింటికి తోడు వస్తాను" అని పనిని, వేళను చెప్పాలి. పోయినవారి పేరు ఎత్తితే బాధపడతారేమోనని దాన్ని పూర్తిగా మానేయడం మరో పొరపాటు. ఆరు నెలల తరువాత ఆ పేరును ఎవరైనా మామూలుగా పలికితే, ఆ మనిషి ఈ భూమి మీద బతికినట్టు ఇంకొకరికి కూడా గుర్తుందన్న ధైర్యం కలుగుతుంది.

8. శరీరం దొరకని చోట రెండు పడవల మీద కాళ్ళు పెట్టడానికి అనుమతి ఇచ్చుకోవాలి. ఉన్నారో లేరో తేలని ఈ స్థితిని పాలీన్ బాస్ అనే అమెరికా ఆచార్యురాలు అస్పష్ట వియోగం అన్నారు. ఏడేళ్ళు జాడ తెలియని మనిషిని మరణించినట్టు భావించే నిబంధన మన సాక్ష్య చట్టంలో ఉంది. చట్టం లెక్క చట్టానిది. తిరిగి వస్తే సంతోషం, రాకపోయినా పిల్లల బడి ఆగదు అనే రెండు మాటలను ఒకేసారి అనుకోవడం నమ్మకద్రోహం కాదు. ఊరివారు కర్మ చేసేయమని తొందరపెట్టకూడదు, చేస్తానంటే అడ్డుకోనూ కూడదు.

9. శోకం ఎప్పుడు వైద్యుడి దాకా వెళ్ళాలో తెలిసి ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాజా వర్గీకరణలో ఆరు నెలలు దాటాక, అమెరికా మనోవైద్యుల 2022 నాటి వర్గీకరణలో పెద్దలకు ఏడాది దాటాక కూడా తీవ్రత తగ్గకుండా రోజువారీ బతుకును ఆపేసే శోకాన్ని దీర్ఘకాలిక శోక రుగ్మత అంటారు. చికిత్స ఉన్న స్థితి అది. గడువులు నిండేదాకా ఆగవలసిన అవసరం లేని సందర్భాలున్నాయి: వారాల తరబడి అన్నం ముట్టకపోవడం, పసిబిడ్డను కూడా పట్టించుకోకపోవడం, మందు పెరిగిపోవడం, "నేనూ ఆయన దగ్గరికే పోతాను" అనే మాట. ఆ చివరి మాటను మాటవరసకు అన్నదిగా కొట్టిపారేయకూడదు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నదా అని సూటిగా అడగాలి. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. ఆ రోజే ఇంట్లోని పురుగుమందు డబ్బాలను, గడ్డి మందును వేరే ఇంట్లో తాళం వేసి పెట్టాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నెంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. జిల్లా ఆసుపత్రులలోను, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలలోను వైద్యులు అందుబాటులో ఉంటారు.

10. మొదటి పండగకు ముందే సిద్ధపడాలి. పుట్టినరోజు, పెళ్ళిరోజు, సిరిమాను నాటి చుట్టాల రాకపోకలు, అన్నిటికంటే మించి సంక్రాంతి వస్తున్నాయంటే రెండు వారాల ముందు నుంచే గుండెలో గుబులు మొదలవుతుంది. ఆ రోజున ఎవరి ఇంట్లో ఉండాలి, ఎవరు వంట చేయాలి, ఎంతసేపు కూర్చుని లేచిపోవచ్చు అనేవి ముందే మాట్లాడుకుంటే గుబులు సగం తగ్గుతుంది.

ఉత్తరాంధ్రలో సంక్రాంతిని పెద్ద పండగ అనడంలో పెద్దల పండగ అన్న అర్థం కూడా వినిపిస్తుంది. పోయిన పెద్దల పేరు మీద కొత్త బట్టలు కొని, వారికిష్టమైనవి వండి, ఫొటో ముందు పెట్టి, దణ్ణం పెట్టుకున్నాక ఆ బట్టలను ఇంట్లోవారు కట్టుకుంటారు. చనిపోయినవారిని మరిచిపోతేనే కోలుకున్నట్టు అనే పాత అభిప్రాయాన్ని పక్కనపెట్టి, వారితో బంధం రూపు మార్చుకుని కొనసాగడమే సహజమని పాశ్చాత్య పరిశోధకులు 1996లో ఒక పుస్తకం ద్వారా వాదించారు; ఈ రెండు జిల్లాల ఇల్లాళ్ళు అంతకు ఎన్నో తరాల ముందు నుంచే ఏటా బట్టల దుకాణంలో అంచులు ఎంచి ఆ పని చేస్తున్నారు. ఇంటి ఆనవాయితీని బట్టి మొదటి ఏడాదో, సంవత్సరీకం దాటాకో ఈ బట్టలు పెట్టే వేళ వస్తుంది. ఆ కొనుగోలును దుఃఖంలో ఉన్న మనిషికి కష్టమవుతుందని బంధువులు తామే చేసేయకుండా, ఆమెను దుకాణానికి తీసుకువెళ్ళాలి. పంచె అంచు ఏ రంగుదైతే ఆయనకు నచ్చేదో ఆమెకే తెలుసు. ఎంచుతూ ఆమె ఏడిస్తే దుకాణంవాడు కాసేపు ఆగుతాడు. కనుమ నాటికి ఆ పంచె పెద్ద కొడుకు నడుముకు చేరుతుంది, పొడవు సరిపోయిందో లేదో చూసి చెప్పేది కూడా ఆమే.